గడియారం వెలుగుతున్నా వాల్ ఓవెన్ వేడెక్కదెందుకు?

గడియారం వెలుగుతోంది. లోపల బల్బు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడూ వినిపిస్తోంది. అరగంటైనా వేడి మాత్రం రాలేదు. గోడలోనో అల్మరాలోనో బిగించిన ఎలక్ట్రిక్ ఓవెన్ వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పరిస్థితి ఇది. వెంటనే వచ్చే ఆలోచన, కాయిల్ కాలిపోయిందని. ఇంటర్నెట్‌లో వెతికితే ఒకరు కాయిల్ అంటారు, ఇంకొకరు సెన్సర్ అంటారు, మరొకరు బోర్డు మార్చాల్సిందే అంటారు. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు. ఎందుకంటే ఈ యంత్రంలో లక్షణం ఒకచోట కనిపిస్తుంది, లోపం చాలాసార్లు ఇంకోచోట ఉంటుంది. చక్కగా ఉన్న భాగాన్ని మార్చి డబ్బు పోగొట్టుకోవడం ఇక్కడ అంత తేలిక. ఏ భాగం ఏం చేస్తుందో, అది చెడితే బయటికి ఎలా కనిపిస్తుందో తెలిస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

వేడి పుట్టించేది, కొలిచేది, ఆజ్ఞ ఇచ్చేది

వేడి పుట్టించడం కాయిళ్ల పని. కింద ఒకటి ఉంటుంది, బేకింగ్‌కి ప్రధానంగా అదే ఆధారం. పైన ఇంకొకటి గ్రిల్ కోసం. కన్వెక్షన్ ఉన్న మోడళ్లలో వెనక గోడలో ఫ్యాను చుట్టూ గుండ్రంగా మరొకటి ఉంటుంది. చాలా కొత్త మోడళ్లలో కింది కాయిల్ అడుగు రేకు కింద దాగి ఉంటుంది, తలుపు తీసి చూసినా కనపడదు.

మన కంటికి కనిపించే ముదురు రంగు గొట్టం కాయిల్‌కి తొడుగు మాత్రమే. దాని లోపల స్ప్రింగులా చుట్టిన సన్నటి నైక్రోమ్ తీగ ఉంటుంది. నికెల్, క్రోమియం కలిపిన ఈ లోహం ఎర్రగా కాలినా గాలికి తినేయబడదు, క్రోమియం ఆక్సైడ్ పొర దాన్ని కాపాడుతుంది. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ ఈ రకం మిశ్రమలోహానికి పేటెంట్ పొందాకే టోస్టర్లు, కరెంటు పొయ్యిలు నిలకడగా పనిచేసే వస్తువులయ్యాయి. తీగకీ తొడుగుకీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లపొడి దట్టించి ఉంటుంది. అది వేడిని బయటికి వదులుతుంది, కరెంటును వదలదు. ఈ పొడికి ఒక బలహీనత ఉంది, దాని సంగతి బ్రేకర్ల దగ్గర చూద్దాం.

కొలవడం సెన్సర్ పని. పాత ఓవెన్లలో ద్రవం నింపిన సన్నటి లోహపు గొట్టం ఉంటుంది. వేడికి ద్రవం వ్యాకోచించి థర్మోస్టాట్ స్విచ్చిని నెడుతుంది. డిజిటల్ ఓవెన్లలో చాలావరకు ప్లాటినం సెన్సర్ ఉంటుంది. లోపలి వెనక గోడలో పైమూలన పెన్సిల్ కంటే సన్నగా పొడుచుకొచ్చినట్టు కనిపించే కడ్డీ అదే. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ ఒక లెక్క ప్రకారం పెరుగుతుంది.

ఆజ్ఞ ఇచ్చేది కంట్రోల్ బోర్డు. సెన్సర్ చెప్పిన విలువ చూసి, మనం పెట్టిన అంకెతో పోల్చి, రిలే అనే చిన్న స్విచ్చి ద్వారా కాయిల్‌కి కరెంటు కలుపుతుంది, ఆపుతుంది. బోర్డు ఉన్న డబ్బా నుంచి వినిపించే టిక్ టిక్ చప్పుడు ఆ రిలేదే.

వీటన్నిటి వెనక కాపలాగా థర్మల్ కటాఫ్ ఉంటుంది. ఓవెన్ చుట్టూ వేడి హద్దు దాటితే కరెంటు తెంపేయడమే దాని ఉద్యోగం. కొన్ని చల్లారాక తమంతట తాము కలుస్తాయి, కొన్నిటికి మీట నొక్కాలి, కొన్ని ఒకసారి తెగితే ఇక మార్చాల్సిందే.

ఒక కాయిల్ లెక్క

అంకెలు లేకుండా ఈ విషయం సగమే అర్థమవుతుంది. 230 వోల్టుల మీద 2300 వాట్లు ఇచ్చే కాయిల్ ఉందనుకుందాం. వాట్లను వోల్టులతో భాగిస్తే 10 ఆంపియర్లు వస్తుంది, అదీ అది లాగే కరెంటు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే 23 ఓమ్‌లు, అదీ దాని రెసిస్టెన్స్. కరెంటు పూర్తిగా తీసేసి, కాయిల్‌కి వచ్చే వైరు విప్పి, మల్టీమీటర్ పెడితే 23కి దగ్గర్లో అంకె కనిపించాలి. నైక్రోమ్ రెసిస్టెన్స్ వేడికి కొద్ది శాతమే మారుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పటి కొలత నమ్మదగినదే. మీటర్ ఏ విలువా చూపకపోతే తీగ తెగింది. సున్నాకి దగ్గరగా చూపితే లోపల షార్ట్ అయింది. 22, 24 లాంటివి వస్తే కాయిల్ తీగ బాగానే ఉంది, లోపం ఇంకెక్కడో వెతకాలి.

వైరు విప్పి కొలవడం ఎందుకంటే, వైరు ఉండగా కొలిస్తే మీటర్ కరెంటు ఇంకో దారిలో కూడా వెళ్లి తప్పు అంకె చూపొచ్చు. చెడిన కాయిల్ మంచిదిగా కనిపించేది చాలాసార్లు ఇలాగే.

ఇదే లెక్క ఇంకో విషయం చెబుతుంది. సాయంత్రం పూట వోల్టేజీ 230 నుంచి 200కి పడిపోయిందనుకోండి. వోల్టేజీ తగ్గింది 13 శాతమే. కానీ వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 200ని 200తో గుణించి 23తో భాగిస్తే దాదాపు 1740 వాట్లు. అంటే వేడి పుట్టే వేగం దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ‘ఈమధ్య ప్రీహీట్ చాలాసేపు పడుతోంది’ అనే ఫిర్యాదు వెనక ఓవెన్ తప్పేమీ లేకపోవడానికి ఇదొక కారణం. ఒక్క సాయంత్రాలే అలా జరుగుతుంటే ముందు అనుమానించాల్సింది సప్లైనే.

కరెంటు ఉన్నట్టే ఉండి లేకపోవడం

మొదటి ప్రశ్నకి వద్దాం. గడియారం వెలుగుతోంది కదా, కరెంటు ఉన్నట్టే కదా? కాదు. బోర్డు, బల్బు, ఫ్యాను కలిసి లాగేది కొద్ది వాట్లే. కాయిల్‌కి కావాల్సింది వేల వాట్లు, దాని దారి వేరు.

ఉత్తర అమెరికాలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ ఓవెన్‌కి 240 వోల్టులు రెండు 120 వోల్టుల లైన్ల మధ్య నుంచి అందుతాయి. కాయిల్‌కి రెండు లైన్లూ కావాలి. గడియారానికి, బల్బుకి చాలా మోడళ్లలో ఒక లైను, న్యూట్రల్ చాలు. జంట బ్రేకర్‌లో ఒక సగం పాడైతే డిస్‌ప్లే మామూలుగానే ఉంటుంది, వేడి మాత్రం ఉండదు. పైకి చూస్తే కాయిల్ పోయినట్టే ఉంటుంది, లోపం ఓవెన్‌లోనే లేదు. 230 వోల్టుల దేశాల్లో మామూలుగా ఒకటే ఫేజ్ కాబట్టి ఇలా జరగడం తక్కువ. కానీ వదులైన టెర్మినల్ దాదాపు ఇలాంటి వేషమే వేయగలదు. కొద్ది కరెంటు దాటనిస్తుంది, 10 ఆంపియర్లు అడిగేసరికి వేడెక్కి వోల్టేజీ తినేస్తుంది.

ఇంకో రెండు కారణాలు ఉన్నాయి, వాటికి పానా, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఒకటి, డెమో మోడ్. షోరూముల్లో పెట్టడానికి తయారీదారులు ఇచ్చే ఏర్పాటు ఇది. లైట్లు, డిస్‌ప్లే, కొన్నిటిలో ఫ్యాను కూడా పనిచేస్తాయి, కాయిల్‌కి మాత్రం కరెంటు వెళ్లదు. కొత్తగా బిగించిన ఓవెన్ మొదటిరోజే వేడెక్కకపోతే మొట్టమొదట చూడాల్సింది ఇదే. రెండోది, టైము పెట్టని గడియారం. కరెంటు పోయి వచ్చాక అంకెలు మెరుస్తూ ఉంటాయి. అనేక మోడళ్లలో టైము సరిచేసేదాకా, లేదా టైమర్ ఆటో నుంచి మామూలు స్థితికి మార్చేదాకా, కాయిల్ వెలగదు. టెక్నీషియన్ వచ్చి రెండు మీటలు నొక్కి వెళ్లిపోయిన సందర్భాల్లో చాలావరకు ఈ రెండే ఉంటాయి.

కాయిల్ నిజంగా పోయినప్పుడు

కనిపించే కాయిల్ అయితే కన్ను చాలాసార్లు మీటర్ కంటే ముందే చెబుతుంది. చల్లారాక దగ్గరగా టార్చి వేసి చూస్తే, సాఫీగా ఉండాల్సిన తొడుగు మీద ఒకచోట బొబ్బలాంటి ఉబ్బు కనిపిస్తుంది. దాని నడుమ సూదిమొన అంత నల్లటి రంధ్రం, దాని అంచున కరిగి గడ్డకట్టిన లోహపు పూస. లోపలి తీగ తెగుతూ తొడుగుకి ఆర్క్, అంటే కరెంటు మెరుపు, కొట్టిన చోటది. అలాంటి కాయిల్ మీద ఇక పరీక్షలు అక్కర్లేదు.

కొన్నిసార్లు కాయిల్ బాగానే ఉంటుంది, అది వైరుతో కలిసే చోటు మాడిపోతుంది. వెనక గోడ అవతల, కాయిల్ తోక మీద తొడిగే చిన్న క్లిప్పు కొంచెం వదులైతే చాలు, ఆ కాస్త సందులో వేడి పుట్టి రాగి నల్లబడుతుంది, వైరు మీది పూత పెళుసుబారి రాలుతుంది. ఇక్కడ కొత్త కాయిల్ తెచ్చి ఆ పాత క్లిప్పుకే తగిలిస్తే కొన్ని నెలల్లో కథ మొదటికొస్తుంది. క్లిప్పు, మాడిన వైరు ముక్క కూడా మార్చాలని అనుభవమున్న మెకానిక్కులు పట్టుబట్టేది అందుకే. వాడే వైరు కూడా ఎక్కువ వేడికి తట్టుకునే రకమే కావాలి, మామూలు ఇంటి వైరు అక్కడ నిలవదు.

ఏ బ్రేకర్ పడిపోతోంది?

ఓవెన్ వేయగానే కరెంటు పోతోందంటే ముందు తెలియాల్సింది పడింది ఏది అని. ఎంసీబీ అనే మామూలు బ్రేకర్ కరెంటు ఎక్కువైతే పడుతుంది, అంటే షార్ట్ గానీ ఓవర్‌లోడ్ గానీ. ఆర్‌సీసీబీ అనే బ్రేకర్ వేరు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూడటమే దాని పని. తేడా ఉందంటే మిగతాది ఎర్త్‌లోకి పోతున్నట్టు. ఇళ్లలో మనుషుల రక్షణకి వాడేవి సాధారణంగా 30 మిల్లీఆంపియర్ల రకం.

తెల్లపొడి బలహీనత ఇప్పుడు అడ్డుపడుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాయిల్ చివర్ల సీలు కాస్త పాతబడి, ఓవెన్ నెలల తరబడి వాడకుండా ఉంటే పొడిలోకి తేమ చేరుతుంది. మళ్లీ వేసినప్పుడు తీగ నుంచి తేమ గుండా తొడుగుకి, తొడుగు నుంచి ఎర్త్‌కి కొద్ది కరెంటు కారుతుంది, ఆర్‌సీసీబీ పడిపోతుంది. 230 వోల్టుల దగ్గర 30 మిల్లీఆంపియర్లు కారడానికి మధ్యలో ఉన్న రెసిస్టెన్స్ దాదాపు 7,700 ఓమ్‌లకు పడిపోతే చాలు. అంటే 23 ఓమ్‌ల కాయిల్ చక్కగా పనిచేస్తూనే ఆర్‌సీసీబీని పడగొట్టగలదు. పైగా మామూలు మల్టీమీటర్ కొద్ది వోల్టులతోనే పరీక్షిస్తుంది కాబట్టి ఆ లీకేజీని పట్టలేకపోవచ్చు. దీనికి 500 వోల్టులతో పరీక్షించే ఇన్సులేషన్ టెస్టర్ కావాలి. అది ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది.

ఇక్కడ రెండు అభిప్రాయాలున్నాయి. తేమే కారణమైతే కాయిల్‌ని ఆరబెడితే సరిపోతుందని కొందరు టెక్నీషియన్లు అంటారు, అలా చాలా కాయిళ్లు మళ్లీ ఏళ్ల తరబడి పనిచేశాయి కూడా. ఒకసారి తేమ దారి చేసుకున్న సీలు మళ్లీ అదే పని చేస్తుంది, మార్చడమే మేలని మిగతావాళ్లు అంటారు. దీర్ఘకాలం మూలపడి ఉన్న ఓవెన్ విషయంలో మొదటివాళ్ల మాట సబబు, రోజూ వాడే ఓవెన్ హఠాత్తుగా ఆర్‌సీసీబీని పడేస్తే రెండోవాళ్ల మాట సబబు అని నాకనిపిస్తుంది. ఎటొచ్చీ ఒక్క విషయంలో వాదన లేదు. ఆర్‌సీసీబీ పడుతోందని దాన్ని తప్పించి ఓవెన్ వాడకూడదు. అది పడటమే దాని ఉద్యోగం. దాన్ని తప్పిస్తే తరువాత కరెంటుకి దొరికే దారి ఓవెన్ పిడి పట్టుకున్న చెయ్యి కావచ్చు.

180 డిగ్రీలు పెడితే లోపల ఎంత?

ఓవెన్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ఎక్కువ చిక్కు పెడుతుంది. 180 పెట్టాం, లోపల థర్మామీటర్ 168 చూపుతోంది, ఓవెన్ చెడిందా?

ఓవెన్ 180 దగ్గర నిలబడదు. 180కి అటూ ఇటూ ఊగుతుంది. వేడి తగ్గితే కాయిల్ వెలుగుతుంది, ఎక్కితే ఆరుతుంది. ఆరిన తరువాత కూడా ఎర్రగా ఉన్న కాయిల్ కాసేపు వేడి వదులుతూనే ఉంటుంది కాబట్టి పైకి దాటుతుంది. మళ్లీ వెలిగినా ఎర్రబడటానికి సమయం పడుతుంది కాబట్టి కిందికి జారుతుంది. 10, 15 డిగ్రీలు అటూ ఇటూ ఊగడం మామూలే. డిస్‌ప్లే మాత్రం నిలకడగా 180 అని చూపుతుంది. చాలా మోడళ్లలో ఆ అంకె మనం కోరింది, లోపల ఉన్నది కాదు.

అందుకే ఒక్క రీడింగు ఏమీ చెప్పదు, సగటు చెబుతుంది. ఉదాహరణకి ఒక ఓవెన్ కుదురుకున్నాక, ప్రతి 5 నిమిషాలకీ గాజులోంచి చూసి రాసుకున్న అంకెలు ఇవనుకుందాం: 168, 181, 194, 186, 173, 170, 184, 192. మధ్యలో 26 డిగ్రీల తేడా ఉంది, చూస్తే కంగారు పుడుతుంది. మొత్తం 1448, ఎనిమిదితో భాగిస్తే 181. ఈ ఓవెన్ నూటికి నూరుపాళ్లు బాగుంది. ఇంకో ఓవెన్: 158, 166, 171, 165, 157, 155, 167, 173. ఊగడం తక్కువ, చూడటానికి ఎంతో నిలకడగా ఉంది. సగటు 164. అసలు తేడా ఉన్నది దీనిలోనే. 16 డిగ్రీల లోటు కేకు మధ్యలో పచ్చిగా మిగలడానికి సరిపోతుంది.

ఇలా ఎప్పుడూ ఒకేవైపు ఉండే తేడాను చాలా డిజిటల్ ఓవెన్లలో సెట్టింగ్స్ నుంచే సరిచేసుకోవచ్చు, బోర్డు పైకో కిందికో కొన్ని డిగ్రీలు కలుపుకుంటుంది. కానీ నిన్నటిదాకా సరిగ్గా ఉన్న ఓవెన్ ఈ నెలలో 16 డిగ్రీలు తగ్గిందంటే సెట్టింగ్‌తో కప్పేయడం సరికాదు. ఏదో మారింది. ఆ మారింది సెన్సరే కావచ్చు, లేదా సెన్సర్ ప్లగ్గు.

ఈ ప్లగ్గు సంగతి కాస్త వివరంగా చూడటం మంచిది. సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు ఉండే ప్లాటినం సెన్సర్‌కి 25 డిగ్రీల దగ్గర దాదాపు 1097 ఓమ్‌లు, 180 దగ్గర దాదాపు 1685 ఓమ్‌లు ఉంటాయి. అక్కడ ఒక్కో డిగ్రీకి సుమారు 3.7 ఓమ్‌ల చొప్పున పెరుగుతుంది. ఇప్పుడు ఓవెన్ వెనక ఉన్న ప్లగ్గు పిన్నుకి తుప్పుపట్టి 40 ఓమ్‌లు అదనంగా చేరాయనుకోండి. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, కానీ బోర్డుకి చేరిన అంకె 40 ఎక్కువ. బోర్డు లెక్కలో లోపల ఉన్నదానికంటే 11 డిగ్రీలు ఎక్కువ వేడి ఉన్నట్టు. అది ముందే కాయిల్ ఆపేస్తుంది. ఓవెన్ 11 డిగ్రీలు తక్కువగా నడుస్తుంది, ఎర్రర్ కోడ్ ఏదీ రాదు. అన్ని భాగాలూ విడివిడిగా మంచివే, కలిసే చోట లోపం. అన్ని మోడళ్లలో ఇదే రకం సెన్సర్ ఉండదు, 500 ఓమ్‌లవి, వేడికి రెసిస్టెన్స్ తగ్గేవి కూడా ఉన్నాయి. కాబట్టి కొలత చూసి తీర్పు చెప్పేముందు ఆ మోడల్ పట్టిక దగ్గరుండాలి.

ఎర్రర్ కోడ్ల గురించి ఇక్కడే ఒక మాట. డిస్‌ప్లే మీద వచ్చే ఎఫ్ 3, ఇ 2 లాంటివి అన్ని కంపెనీలకీ ఒకటి కావు. పైగా కోడ్ లోపమున్న వలయాన్ని చూపుతుంది, భాగాన్ని కాదు. సెన్సర్ కోడ్ అంటే సెన్సర్, దాని వైరు, ప్లగ్గు, బోర్డులో దాన్ని చదివే భాగం, వీటిలో ఏదో ఒకటి అని అర్థం.

ఇంకొక అపోహ ప్రీహీట్ బీప్. బీప్ వచ్చేసరికి లోపలి గాలి ఆ వేడికి చేరి ఉంటుంది, గోడలు, ర్యాకులు ఇంకా చేరి ఉండవు. అప్పుడు తలుపు తీస్తే వేడిగాలి ఒక్కసారిగా బయటికి పోతుంది, తిరిగి అందించడానికి గోడల్లో నిల్వ లేదు. బీప్ తరువాత ఇంకో 10, 15 నిమిషాలు ఆగినవాళ్లకి ఫలితం మెరుగ్గా రావడానికి కారణం ఇదే. ఓవెన్ చెడిందనుకునే ముందు ఈ తేడా చూడొచ్చు.

సగంలో ఆగిపోయే ఓవెన్, ఆపినా ఆగని ఓవెన్

అరగంటో ముప్పావుగంటో బాగా నడిచి ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ మామూలే. కాయిల్ మీద, బోర్డు మీద అనుమానం పోతుంది. గోడ ఓవెన్ విషయంలో మొదటి అనుమానితుడు మాత్రం కూలింగ్ ఫ్యాను.

విడిగా నేల మీద నిలబెట్టే ఓవెన్‌కి చుట్టూ గాలి ఉంటుంది. గోడ ఓవెన్ చెక్క అల్మరాలో మూసి ఉంటుంది. అందుకే దాని పైభాగంలో ఒక ఫ్యాను బోర్డునీ, అల్మరానీ చల్లబరుస్తూ తలుపు దగ్గరి సందులోంచి వేడిగాలి బయటికి తోస్తుంది. ఓవెన్ ఆపాక కూడా అది కాసేపు తిరగడం లోపం కాదు, అలాగే తిరగాలి. లోపం తిరగనప్పుడే. ఫ్యాను బేరింగ్ అరిగినా, దుమ్ముపట్టి మెల్లగా తిరిగినా, అల్మరాలో గాలి దారి సరిగా వదలకపోయినా, వేడి బోర్డు దగ్గర పేరుకుని థర్మల్ కటాఫ్ తెంపేస్తుంది. కటాఫ్ మార్చితే ఓవెన్ నడుస్తుంది, కొన్నాళ్లకి అదీ తెగుతుంది. కటాఫ్ ఎందుకు తెగిందో చూడకుండా మార్చడం సగం పనే. దాన్ని వైరు ముక్కతో కలిపేసి ఓవెన్ నడిపించడం మాత్రం చెక్క అల్మరా మధ్యలో నిప్పుకి దారి తెరవడమే.

దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఆఫ్ చేసినా కాయిల్ ఎర్రగా ఉండిపోవడం. రిలే పలకలు ఆర్క్‌కి కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయినప్పుడు ఇలా జరుగుతుంది. బోర్డు ఆపమని చెప్పినా స్విచ్చి విడిపోదు. డిస్‌ప్లే ఆఫ్ అని చూపుతుంది, వేడి పెరుగుతూ ఉంటుంది. మీటలు నొక్కుతూ కూర్చునే సమయం కాదది. మెయిన్ బోర్డులో ఓవెన్ బ్రేకర్ ఆపాలి, బాగుచేసేదాకా మళ్లీ వేయకూడదు. ఓవెన్ బ్రేకర్ ఏదో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం ఎంత అవసరమో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

తలుపు

తలుపు చుట్టూ ఉండే సీలు చాలా ఓవెన్లలో గాజునారతో అల్లినది, కొన్నిటిలో సిలికాన్. గాజునార సీలుని బ్రష్షుతో రుద్దితే, రసాయనాలతో కడిగితే అల్లిక పాడవుతుంది. శుభ్రత పేరుతో జరిగే నష్టాల్లో ఇదొకటి. చల్లగా ఉన్నప్పుడు తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగితే, గట్టిగా పట్టిన చోటు, జారిపోయే చోటు తెలిసిపోతాయి. ఒకే వైపు వదులైతే తప్పు సీలుది కాకుండా హింజిది కావచ్చు. హింజిలో బలమైన స్ప్రింగు ఉంటుంది. లాక్ వేయకుండా తలుపు ఊడదీస్తే అది తటాలున మూసుకుని వేలు నలిగిపోయే ప్రమాదం ఉంది.

తలుపు గాజు టెంపర్ చేసినది, అంటే వేడిచేసి చల్లార్చి గట్టిపరిచినది. దాని మీద పడిన చిన్న గీత ఏనాడో ఒకనాడు మొత్తం గాజు పొడిపొడిగా రాలడానికి కారణం కాగలదు. బ్లేడుతో గీకడం, గరుకు పీచుతో తోమడం, వేడి గాజు మీద చన్నీళ్లు పడటం, మూడూ ఒకే ప్రమాదానికి దారులు.

సెల్ఫ్ క్లీన్ వాడాలా, వద్దా?

ఓవెన్ వాడేవాళ్ల మధ్య ఇంతగా వాదన జరిగే విషయం ఇంకోటి లేదు. పైరోలిటిక్ సెల్ఫ్ క్లీన్ అంటే తలుపు తాళం వేసి లోపలి వేడిని 450 నుంచి 500 డిగ్రీల దాకా తీసుకెళ్లడం. జిడ్డు కాలి బూడిదవుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. రసాయనాలు అక్కర్లేదు.

తయారీదారుల వాదన సూటిగా ఉంటుంది. ఈ ఓవెన్ల ఎనామిల్ (లోపలి గోడల నున్నటి పూత), ఇన్సులేషన్, తలుపు గాజు ఆ వేడికి తగ్గట్టే రూపొందించారు, పరీక్షించారు. మామూలు ఓవెన్ల కంటే వీటికి ఇన్సులేషన్ ఎక్కువ కాబట్టి రోజువారీ వాడకంలోనూ వేడి నష్టం తక్కువ. రిపేరు చేసేవాళ్ల అనుభవం వేరు. సెల్ఫ్ క్లీన్ వేసిన మర్నాడు ఓవెన్ పనిచేయడం లేదని, తలుపు తాళం తెరుచుకోలేదని వచ్చే పిలుపులు వాళ్లకి మామూలే. థర్మల్ కటాఫ్ తెగడం, తాళం మోటారు బిగుసుకోవడం, బోర్డు దెబ్బతినడం అందులో ఎక్కువ.

రెండూ నిజమే కావడానికి అడ్డేమీ లేదు. డిజైన్ కొత్త ఓవెన్‌ని, చక్కగా తిరిగే కూలింగ్ ఫ్యానుని, సరిగా గాలి వదిలిన అల్మరాని దృష్టిలో పెట్టుకుని జరిగింది. టెక్నీషియన్ చూసేది పదేళ్ల ఓవెన్‌ని, సగం వేగంతో తిరిగే ఫ్యానుని. రోజూ 180 దగ్గర బయటపడని బలహీనత 480 దగ్గర ఒక్కసారిగా బయటపడుతుంది. అందువల్ల నా మాట ఇది: ఫ్యాను మంచి స్థితిలో ఉన్న ఓవెన్‌కి, జిడ్డు గడ్డకట్టకముందే అప్పుడప్పుడు వాడితే సెల్ఫ్ క్లీన్‌తో భయం లేదు. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డుని ఒక్కసారిగా కాల్చడం, బంధువులు వచ్చే ముందురోజు ఆ పని పెట్టుకోవడం, రెండూ వద్దు. అడుగున చేరిన నూనెని ముందే తుడిచేయాలి, లేకపోతే పొగ, ఒక్కోసారి మంట. ర్యాకులు లోపల వదిలేస్తే మెరుపు పోతుంది, ఆ తరువాత జారడమూ కష్టమవుతుంది. ఆ పొగలు పెంపుడు పక్షులకి ప్రాణాంతకం కాగలవు. వాటిని వేరే చోటికి మార్చమని అనేక మోడళ్ల మాన్యువళ్లలోనే రాసి ఉంటుంది.

స్టీమ్ క్లీన్ వేరే సంగతి. తక్కువ వేడిలో ఆవిరితో మరకలు మెత్తబరచడమే దాని పని, పాత గట్టి జిడ్డు దానికి లొంగదు. కొన్ని ఓవెన్లలో పక్క గోడలకి గరుకైన కెటలిటిక్ పలకలు ఉంటాయి, అవి బేకింగ్ వేడికే జిడ్డుని మెల్లగా కాల్చేస్తాయి. వాటిని సబ్బుతో తోమితే రంధ్రాలు పూడుకుపోయి ఆ గుణం పోతుంది. ఇక మామూలు ఎనామిల్‌కి వంటసోడా ముద్ద, మెత్తటి గుడ్డ, కాస్త ఓపిక సరిపోతాయి. అడుగున అల్యూమినియం ఫాయిల్ పరచడం మాత్రం ఏ రకం ఓవెన్‌కీ మంచిది కాదు. అడుగు నుంచి వేడి పైకి రాకుండా అడ్డుపడుతుంది, వేడికి ఎనామిల్‌కి అంటుకుపోతే మళ్లీ ఊడదు.

ఎంతవరకు మన చేతిలో, ఎక్కడ ఆగాలి

బల్బు మార్చడం, సీలు మార్చడం, టైము, డెమో మోడ్ చూడటం, థర్మామీటర్‌తో సగటు తీయడం, ఇవి ఎవరైనా చేయగలిగినవి. బల్బు మాత్రం ఓవెన్ కోసం చేసిన, 300 డిగ్రీలకి తట్టుకునే రకమే కావాలి. మామూలు ఎల్‌ఈడీ ఆ వేడికి నిలవదు.

లోపలి నుంచి విప్పగలిగే కాయిల్, సెన్సర్ విషయంలో అభిప్రాయాలు చీలతాయి. బ్రేకర్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకుని, ఫొటో తీసుకుని విప్పితే కష్టమేమీ కాదని స్వయంగా బాగుచేసుకునేవాళ్లు అంటారు. ఎర్త్ వైరు తిరిగి సరిగా బిగించకపోతే ఓవెన్ పనిచేస్తూనే ప్రమాదకరంగా మారుతుందని, ఆ తప్పు కంటికి కనిపించదని ఎలక్ట్రీషియన్లు గుర్తుచేస్తారు. రెండో మాటకే ఎక్కువ బరువు ఉంది. పని అయ్యాక ఎర్త్ వైరు తెగకుండా కలిసి ఉందో లేదో మీటర్‌తో కొలవగలిగినవాళ్లే ఆ పని పెట్టుకోవడం న్యాయం.

ఓవెన్‌ని అల్మరాలోంచి బయటికి లాగాల్సి వస్తే లెక్క మారుతుంది. ఒంటి ఓవెన్లే చాలా బరువుంటాయి, జంట ఓవెన్లు ఇంకా ఎక్కువ, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మైక్రోవేవ్ కలిసిన ఓవెన్ అయితే కవరు విప్పకపోవడమే సరైనది. అందులోని కెపాసిటర్ ప్లగ్గు తీసేశాక కూడా ప్రాణం తీయగల వోల్టేజీని నిల్వ ఉంచుకోగలదు.

మార్చాలా, బాగుచేయాలా అన్న ప్రశ్నకి గోడ ఓవెన్ దగ్గర ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కాయిల్, సెన్సర్, ఫ్యాను, సీలు ఏళ్ల తరబడి దొరుకుతాయి, వీటి కోసం ఓవెన్ మార్చనక్కర్లేదు. బోర్డు సంగతి అలా కాదు. మోడల్ ఆగిపోయిన కొన్నేళ్లకి దొరకడం కష్టం. కొందరు నిపుణులు రిలే ఒక్కటే మార్చి పాత బోర్డుని బతికిస్తారు. ‘బోర్డు పోయింది’ అని విన్నప్పుడు ఆ అవకాశం ఉందేమో అడగడంలో తప్పులేదు. చివరికి కొత్తదే కొనాల్సి వస్తే అల్మరాలోని ఖాళీ నిర్ణయిస్తుంది. యూరప్ తరహా ఓవెన్లు దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు, ఉత్తర అమెరికావి 24, 27, 30 అంగుళాలు. వెడల్పు కుదిరినా ఎత్తు, లోతు, వైరు బయటికి వచ్చే చోటు మోడల్‌కో రకంగా ఉంటాయి, కొత్త ఓవెన్ లాగే కరెంటుకి పాత వైరు, బ్రేకర్ సరిపోతాయో లేదో కూడా చూడాలి. పాత ఓవెన్ కొలతలు కాకుండా, ఓవెన్ తీశాక మిగిలే ఖాళీ కొలతలే కొత్త మోడల్ పత్రంతో పోల్చాలి. మోడల్ నంబరు సాధారణంగా తలుపు తీస్తే చట్రం అంచున అంటించి ఉంటుంది. విడిభాగం కావాలన్నా, కొత్తది కొనాలన్నా ముందు అడిగేది ఆ నంబరే.